తెల్ల పూత

తాండూరు,
ఆగస్టు మొదటి వారం

అక్కకు,

దేవప్ప నమస్కారాలు. నీకు పనిలో సాయం చేస్తున్న సైరాను కూడా అడిగానని చెప్పు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ మరదలు పద్మారాణి నా చెవి దగ్గర నోరు పెట్టి, "మీ అక్కకు పెద్ద పని దొరికిందంట!" అని అరిచింది. ఆ తర్వాత మీరిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె నవ్వుతోంది, తల ఊపుతోంది. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఇన్నేళ్లు బండలు కోసే మిషన్ పక్కన నిలబడిన చెవులు. ఇంక వాటిని తిట్టి లాభం లేదు. నా చిన్న ఫోన్‌లో తెలుగు అక్షరాలు పంపితే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. అందుకని నాతో చెప్పాల్సింది ఏదున్నా కాగితం మీద రాయి. గుమ్మంలో కూర్చుని ఎవరి సాయం లేకుండా చదువుకుంటాను. నా ఇంట్లో నాకు నేరుగా చేరే మాట అదొక్కటే.

ఈ పార్సిల్‌లో పచ్చి కుండల మీద ఒత్తే అచ్చులు ఉన్నాయి. బండలు కోసే యూనిట్‌లో పారేసే ముక్కల మీద చెక్కాను. ఒకటి కంది ఆకు, ఒకటి చేప పొలుసు, ఒకటి నులక అల్లిక. ఇంకొకటి ఏమిటో నాకే తెలియదు, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాను. నాన్న నన్ను కుమ్మరి సారె దగ్గర కూర్చోనివ్వలేదు, కుదురు లేదని బండల పనికి పంపాడు. నీ కుండల మీద నా చెయ్యి ఇలాగైనా పడుతుందని ఒక ఆశ.

పెద్ద పొట్లంలో ఉన్నది తెల్ల పిండి. కోత మిషన్ కింద నీళ్లతో కారే బురదను ఎండబెట్టి, గుడ్డలో జల్లించాను. ఎర్ర పూత ఉంది, నల్ల పూత ఉంది, మంచి తెలుపే దొరకదని నువ్వు ఎప్పుడూ అంటావు కదా. కొంచెం మట్టినీళ్లలో కలిపి పూసి చూడు.

నాకు తీరికకు కొదవ లేదు. జనం అంతా ఇళ్లలో టైల్స్ వేయించుకుంటున్నారు, బండలకు గిరాకీ తగ్గింది. ఇంటి దగ్గరే ఉంటున్నాను. నా గురించి ఫికర్ చేయకు.

నీ తమ్ముడు,
దేవప్ప


వికారాబాద్,
ఆగస్టు చివర

తమ్ముడు దేవప్పకు,

అక్క దీవెనలు. పార్సిల్ విప్పగానే సైరా పొలుసుల అచ్చు అందుకుని వదిలిపెట్టలేదు. "అక్కా, గిదేంది, చేప చెయ్యిల నుంచి జారిపోయేటట్టున్నది!" అంది. నిజంగానే అంత బాగుంది. నాన్న ఉంటే చూపించేదాన్ని.

పని గురించి రాయమన్నావు. అనంతగిరి కొండ దారిలో మహిధర్ అని ఒకాయన బస నడుపుతున్నాడు. హైదరాబాద్ నుంచి జనం శని, ఆదివారాలు వచ్చి ఉండిపోతారు. వాళ్ల భోజనాల బల్ల మీదికి గిన్నెలు, పళ్లేలు, నీళ్ల కూజాలు అన్నీ మట్టివే కావాలట. "మిషన్ల చేసినట్టు ఒక్క తీరుగ వద్దమ్మా, చెయ్యి ఆనవాలు కనపడాలె" అన్నాడు. మీ బావ పోయాక ఆయన సారె మీద నేను కూర్చుంటే, ఆడమనిషి సారె తిప్పుడేందని ముఖం తిప్పుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు వాళ్లే వచ్చి ఎప్పుడు మొదలుపెడుతున్నావని అడుగుతున్నారు. సంతోషించాలి. కానీ దేవప్పా, సంతోషించడానికి కూడా ఓపిక ఉండాలి. పొద్దున నేను లేచాక చాలాసేపటికి గానీ నా కుడి భుజం లేవదు. ఒక కూజా తీసి పక్కన పెట్టగానే, ఇంక ఎవరైనా వచ్చి మిగతావి చేసిపెడితే బాగుండు అనిపిస్తుంది. ఎవరూ రారు. మళ్లీ మట్టి ముద్ద సారె మీద పెడతాను.

నీ అచ్చులు ఎలా వాడానో చెబుతాను. సారె మీంచి దించిన గిన్నెను నీడలో ఆరనిస్తాను. వేలికి అంటకుండా, నొక్కితే లొంగేంత పచ్చి ఉండాలి. బయట ఎడమ అరచెయ్యి ఆనించి, లోపలి వైపు అచ్చుకు బూడిద అద్ది ఒత్తుతాను. మట్టి లోపలికి పోయి ఆకు పడుతుంది, పొలుసులు పడతాయి. దాని మీద నీ తెల్ల పూత పూసి, కాస్త ఆరాక పైపైన ఇనుప పట్టీతో గీకేస్తాను. గుంటల్లో మాత్రం తెలుపు నిలుస్తుంది. ఎర్ర మట్టి మీద తెల్ల చేప.

చూద్దామని కొన్ని గిన్నెలు ముందుగా ఆములో కాల్చాను. బయటికి తీసేసరికి తెలుపు ఇంకా తెల్లబడింది. సైరా, నేను ఇద్దరం అలా చూస్తూ కూర్చున్నాం. ఇన్నేళ్లలో నాకు ఇంత తెలుపు దొరకలేదు. మొత్తం పనికి ఇదే వాడబోతున్నాను. ఇంకో పొట్లం పంపగలవా?

అక్క,
మహేశ్వరి


తాండూరు,
సెప్టెంబరు

అక్కకు,

నీ ఉత్తరం చదివి పద్మారాణికి మళ్లీ పైకి చదివి వినిపించాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా చదివానో తెలియదు. గోడ అవతలి నుంచి, నాతో యూనిట్‌లో పనిచేసే చాంద్‌పాషా వచ్చేశాడు. ఎవరితోనైనా కొట్లాడుతున్నానేమో అనుకున్నాడట. అతనికీ చదివాను. "అరే, మనం జిందగీ మొత్తం బూట్ల కింద తొక్కిన బురద ఆడ పళ్లెంలకెక్కిందా?" అని వాడి ఆశ్చర్యం. చేతులతో చెప్పాడు, పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

పొట్లం కాదు, పెద్ద డబ్బా నిండా పంపుతున్నాను. ఈసారి పలుచటి చీర గుడ్డలో జల్లించాను, ముందుదాని కంటే మెత్తగా ఉంటుంది. నీ పని అయ్యేదాకా నీకు తెలుపు కరువు రాదు.

అక్కా, చాలా రోజుల తర్వాత పొద్దున లేవగానే నాకొక పని ఉందనిపిస్తోంది. పద్మారాణి కంది చేనుకు కూలికి పోతుంది, నేను అరుగు మీద జల్లెడ పెట్టుకుని కూర్చుంటాను. దారిన పోయేవాళ్లు అడిగితే, మా అక్క కుండలకు రంగు అని చెబుతాను.

ఇక్కడ ఆపి కాసేపు పడుకుని మళ్లీ రాస్తున్నాను, అందుకే పెన్ను మారింది. వాతావరణం బాగా లేదు, కొంచెం దగ్గు. అందరికీ ఉంది.

గిన్నెలు ఆ పెద్దమనిషికి ఇచ్చాక ఆయన ఏమన్నాడో ఒక్క మాట కూడా వదలకుండా రాయి.

దేవప్ప


వికారాబాద్,
అక్టోబరు

తమ్ముడు దేవప్పకు,

దీవెనలు. రాయడం ఆలస్యమైంది. వానలు.

సామాను మహిధర్ వాళ్లకు చేర్చాను. బాగానే ఉంది. నీ అచ్చులు వాళ్లకు నచ్చాయి.

తెల్ల పిండి నా దగ్గర ఇంకా చాలా ఉంది. ఇప్పట్లో పంపకు. అవసరమైనప్పుడు నేనే రాస్తాను. నువ్వు విశ్రాంతి తీసుకో. ఆ దగ్గు తగ్గిందా?

సైరా నిన్ను అడిగింది. పద్మారాణిని అడిగానని చెప్పు. ఎక్కువ రాయలేకపోతున్నాను, భుజం నొప్పిగా ఉంది.

అక్క


తాండూరు,
నవంబరు

అక్కకు,

నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాను, వెనక ఇంకేమైనా రాశావేమోనని. నచ్చాయి అని ఒక్క మాటతో సరిపెట్టావు. పని ఒత్తిడి అనుకుంటాను. పోనీలే, నచ్చాయి కదా.

పంపవద్దన్నావు. నువ్వు మొహమాటానికి అలా అంటావని నాకు తెలుసు. చాంద్‌పాషా బండల లోడుతో వికారాబాద్ మీదుగా పోతున్నాడు. అతనితో పిండి సంచి పంపుతున్నాను. ఈ ఒక్క పనితో ఆపకు. తర్వాతి పనులకు కూడా ఉంటుంది.

ఇంకో సంగతి. కొడంగల్ కుమ్మరి బాలస్వామి, నాన్నకు తెలిసిన ముసలాయన, ఇక్కడి సంతలో కనిపించాడు. నీ గిన్నెల గురించి చెప్పాను. ఆయన పూలకుండీలు చేస్తున్నాడట, వాటికి తెలుపు కావాలన్నాడు. ఒక డబ్బా ఇచ్చాను. ఊరికే ఇచ్చాను. కానీ అక్కా, ఆలోచించు. చుట్టుపక్కల కుమ్మరివాళ్లు ఎంతమంది ఉన్నారు! అందరికీ తెలుపు కావాలి. బండల పని లేకపోతే ఏం, ఈ పిండి చేసి అందరికీ అమ్ముకుంటూ నా బతుకు నేను బతకగలను. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అదే పనిలో ఉన్నాను. పద్మారాణి ఎందుకో అరుస్తూ ఉంటుంది. నాకు వినపడదు కదా, అదొక సుఖం.

దేవప్ప


వికారాబాద్,
నవంబరు

దేవప్పా,

చాంద్‌పాషా ఇప్పుడే వెళ్లాడు. సంచి వాకిట్లో ఉంది. దాన్ని చూస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

"యాడ పెట్టాలె అక్కా?" అన్నాడు.

"ఇంత ఎందుకు తెచ్చినవ్ పాషా? నేను అడగలే కదా" అన్నాను.

"నువ్వు అడగకున్నా వాడు ఆగుతడా? చాయ్ తాగి కూసుంటే పొద్దుగూకేదాక గదే పని. జల్లించుడు, దగ్గుడు. దగ్గుడు, జల్లించుడు. డాక్టర్ దుమ్ము దిక్కు సూడనే సూడొద్దన్నడు. ఇంటేనా?"

"ఏ డాక్టర్?"

పాషా నా ముఖంలోకి చూశాడు. సంచి మీద కూర్చుండిపోయాడు. "నీకు చెప్పలేదా? ఎండకాలం నుంచి వాడు యూనిట్‌కు వస్తలేడక్కా. నాలుగు అడుగులేస్తే ఆయాసం. ఛాతి ఫోటో తీసిండ్రు. లోపల రాళ్ల దుమ్మంట. పోయేది కాదంట. పద్మారాణికి గూడ సగమే చెప్పిండు."

బండలకు గిరాకీ తగ్గిందని రాశావు. వాతావరణమని రాశావు.

నీ మీద అరవాలని ఉంది. కానీ అరిచే హక్కు నాకు లేదు, ఎందుకంటే నేనూ నీకు అబద్ధమే రాశాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీ తెలుపు నిలవలేదు. ఆములోంచి తీసినప్పుడు ఎంత అందంగా ఉందో అంతా నిజమే. సామాను చేర్చిన వారం తిరగకముందే మహిధర్ జీపు వేసుకుని వచ్చాడు. నా ముందు ఒక గిన్నె పెట్టి, "పెరుగుల తెల్ల పొక్కులు తేలుతున్నయమ్మా. తినేటాయన నోట్లకెల్లి తీసి అందరి ముందర చూపించిండు" అన్నాడు. పొలుసుల గుంటల్లోంచి తెలుపు ఉబ్బి, పొట్టులా లేచి ఉంది. వేలితో తాకితే రాలింది. ఒక పొక్కు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. పాన్‌లో సున్నం ఎక్కువైతే ఎలా కాలుతుందో అలా కాలింది.

సున్నమే దేవప్పా. నీ నాపరాయి బండను బట్టీలో పెడితే సున్నం అవుతుందని మన ఇద్దరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆము కూడా బట్టీయే కదా. నీకు తట్టలేదు, నాకు తట్టలేదు. కాలిన సున్నం తడి తగిలేసరికి ఉబ్బింది.

మహిధర్ చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. "నీ చెయ్యిని తప్పు పడ్తలేనమ్మా. గని మల్ల నేను ధైర్యం చెయ్యలేను" అని సామాను మొత్తం దింపించి వెళ్లిపోయాడు. వీధిలో అందరూ చూశారు. ఆ గిన్నెలన్నీ గోడ వారగా పేర్చి పట్టా కప్పాను. సైరా ఆ దిక్కు చూడదు.

నీకు ఎందుకు రాయలేదు? పొద్దున లేవగానే నాకొక పని ఉంది అని రాశావు చూడు, ఆ మాట చదివాక చెయ్యి రాలేదు. నువ్వు బాధపడతావని దాచాను. నేను దాచినందుకు నువ్వు ఆ దుమ్ములో కూర్చున్నావు. ఇది నాకు పాషా చెబితే గానీ తెలియలేదు.

ఇవాళే జల్లెడ తీసి అవతల పెట్టు. బాలస్వామి తాతకు కబురు చెయ్యి, కుండీలకు పూయవద్దని.

మహేశ్వరి


తాండూరు,
నవంబరు చివర

మహేశ్వరక్కకు,

నీ ఉత్తరం అందింది.

సంచి పారబోయించు. అచ్చులు కూడా పారేయి.

నేను చెవిటివాణ్ని. అందుకని నా ఎదురుగానే అందరూ నా గురించి మాట్లాడుకుంటారు. నేను చూస్తే నవ్వి తల ఊపుతారు. డాక్టరూ అంతే. కాగితం మీద నాకు నిజం చేరుతుందని ఒక ధైర్యం ఉండేది. అక్కడ కూడా నువ్వు నవ్వి తల ఊపావు.

సంత నిండా చెప్పుకుని తిరిగాను, మా అక్క కుండలకు నా తెలుపు అని. అప్పటికే ఆ కుండలు నీ వాకిట్లో పట్టా కింద ఉన్నాయి.

నా ఛాతీ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఫికర్ చేయకు.

దేవప్ప


వికారాబాద్,
డిసెంబరు

తమ్ముడు దేవప్పకు,

తిట్టావు, బాగుంది. కనీసం నిజం రాశావు.

నువ్వు అన్నది పడతాను. నేను చేసింది తప్పే, దానికి నేను సాకు చెప్పను. కానీ నా మీద కోపంతో నీ ఛాతీని నా నుంచి దాచుకోకు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

అచ్చులు పారేయను. అచ్చుల తప్పేముంది? పట్టా కింద నుంచి ఒక గిన్నె తీసి ఈ పార్సిల్‌లో పెడుతున్నాను, గడ్డిలో చుట్టి. నా మాట నమ్మాలని లేకపోతే నమ్మకు. నీళ్లు పోసి నీ కళ్లతో చూసుకో. ఇది ఎవరో నీకు అరిచి చెప్పేది కాదు.

ఇక్కడ కొండ మీద ఛాతీ ఆసుపత్రి ఉంది. సైరా వాళ్ల నాన్నను అక్కడే చూపించారు. తాండూరు నుంచి రైలెక్కితే వికారాబాద్ ఎంతసేపు? పద్మారాణిని తీసుకుని రా. నేను చాలా అలసిపోయాను దేవప్పా. పని చేసి కాదు. పని చేస్తూ, బాగుంది బాగుంది అని అందరికీ చెబుతూ ఉండటం వల్ల. ఆ రెండో పని మానేస్తే మొదటిది ఇంకొన్నాళ్లు చెయ్యగలనేమో.

రా.

అక్క


తాండూరు,
డిసెంబరు

అక్కా,

గిన్నె పగలకుండా వచ్చింది. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడోరోజు చాంద్‌పాషా వచ్చి, నా ముఖం చూసి, గిన్నె తీసుకెళ్లి కుళాయి కింద పట్టాడు. అరుగు మీద పెట్టుకుని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి పొలుసుల అంచులు లేవడం మొదలుపెట్టాయి. చేపకు నిజంగానే పొలుసులు గీకుతున్నట్టు ఒక్కొక్కటే ఊడి వచ్చింది. పాషా పలక తీసుకుని రాశాడు: "మనం ఇద్దరం బండలల్ల పుట్టినం. సున్నం యాడికెల్లి వస్తదో మర్సిపోయినం." రాసి నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. నవ్వు దగ్గులోకి పోయింది, అది ఆగడానికి చాలాసేపు పట్టింది. పాషా నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

జల్లెడ పద్మారాణికి ఇచ్చేశాను. ఆమె దాన్ని విరిచి పొయ్యిలో పెట్టింది.

బాలస్వామి తాతకు కబురు పంపితే ఎవరైనా సగం చెప్పి సగం వదిలేస్తారని నేనే కొడంగల్ బస్సెక్కాను. ఆయన కుండీలకు పూత పూసి ఆరబెట్టి ఉంచాడు. ఇంకా ఆముకు ఎక్కించలేదు. నేను జరిగిందంతా చెప్పాను. నా తెలుపు పనికిరాదు, మా అక్క సామానంతా పాడైంది, నీదీ పాడవుతుంది అని. సంతలో ఎంత గట్టిగా పొగుడుకున్నానో అంత గట్టిగా చెప్పాను. ఆయన విని, కోడలిని పిలిచి, కుండీలన్నీ తడిగుడ్డతో తుడిపించాడు. నన్ను కూర్చోమని చేత్తో చూపించి మజ్జిగ ఇప్పించాడు. ఒక్క మాట అనలేదు. అన్నాడేమో, నాకు వినపడలేదేమో.

తిరుగు ప్రయాణంలో బస్టాండు దాకా నడవలేకపోయాను. దారిలో రెండుచోట్ల కూర్చున్నాను. ఎవరో కన్నడం మాట్లాడే ముసలావిడ నన్ను లేపి ఆటో ఎక్కించింది. ఇది నీకు రాయకపోతే ఎవరికీ తెలియదు. అయినా రాస్తున్నాను.

వచ్చే సోమవారం రైలుకు వస్తున్నాం. స్టేషన్‌కు రావద్దు, మెల్లగా మేమే వస్తాం. సరే, రా. మెట్ల దగ్గర నాకు ఒకరు కావాలి.

దేవప్ప


వికారాబాద్,
జనవరి

తమ్ముడు దేవప్పకు,

దీవెనలు. మీరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. రైలు కదిలే ముందు నువ్వు చెప్పిన మాట మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. "ఇగ నుంచి మంచిగున్నది అని రాసుడు బంద్. ఎట్లున్నదో గట్లనే రాయాలె. నువ్వూ అంతే, నేనూ అంతే" అన్నావు. ప్లాట్‌ఫాం మీద అందరూ తిరిగి చూశారు. నీ గొంతు అంత పెద్దదని నీకు ఇంకా తెలియదు.

నువ్వు అడిగావు కాబట్టి డాక్టరమ్మ నాతో విడిగా ఏమందో రాస్తున్నాను. లోపల గడ్డకట్టిన దుమ్ము బయటికి రాదు. మందులు ఆయాసాన్ని తగ్గిస్తాయి, జబ్బును తీసెయ్యవు. మళ్లీ దుమ్ములో కూర్చోకపోతే చాలా ఏళ్లు నెట్టుకు రావచ్చు, కూర్చుంటే రాలేవు. అంతే అంది. నాకు చెప్పి, నీకు చెప్పవద్దంది. చెబుతాననే వచ్చాను.

తడి మట్టితో పని చెయ్యవచ్చా అని కూడా అడిగాను. ఎండిన మట్టిని గీకవద్దు, ఊడ్చవద్దు, తడిది చెయ్యవచ్చు అంది. నువ్వు ఇక్కడున్నప్పుడు పచ్చి మట్టి మీద చెక్కిన అచ్చులు ఆములో వేశాను. ఒకటి పగిలింది, మిగతావి గట్టిగా వచ్చాయి. బండ అచ్చుల కంటే వీటి గీత మెత్తగా పడుతోంది. సంచిలో తడిగుడ్డ చుట్టి మట్టి పంపుతున్నాను. తడి ఆరనివ్వకు.

ఇక చెడ్డవి. తెలుపు కోసం సుద్దమట్టి తెప్పించాను. సగం గిన్నెల మీద అది ఆరేటప్పుడే బీటలు వారింది, ఎర్ర మట్టితో పాటు కుంచించుకోలేదు. మా మట్టిని కూడా అందులో కలుపుతూ, కొలత మారుస్తూ చూస్తున్నాను. నీ తెలుపంత తెల్లగా రాదు. మజ్జిగ రంగులో ఉంటుంది. కానీ నీళ్లలో రాత్రంతా ఉంచినా నిలిచింది, వేలితో గట్టిగా రుద్దినా రాలేదు. మహిధర్ దగ్గరికి ఆ గిన్నె ఒకటి తీసుకుని వెళ్లాను. ఆయన లేడు. గుమ్మంలో ఉన్నతనికి ఇచ్చి వచ్చాను. ఇప్పటిదాకా కబురు లేదు. రాకపోవచ్చు.

పరిగి నుంచి ఒకామె హోటల్‌కు నీళ్ల కూజాలు అడిగింది. చిన్న పనే. సారె మీద కూర్చుంటే మధ్యలో లేచి పడుకోవలసి వస్తోంది. సైరా సారె నేర్చుకుంటానంటోంది. వాళ్ల ఇంట్లో ఒప్పుకోలేదట. అయినా రోజూ వస్తోంది. ఆమె తీసిన గిన్నెలు వంకరగా ఉన్నాయి. చెప్పాను. ఏడ్చింది. మళ్లీ కూర్చుంది.

నువ్వు ఎలా ఉన్నావో రాయి.

అక్క,
మహేశ్వరి


తాండూరు,
ఫిబ్రవరి

అక్కకు,

దేవప్ప నమస్కారాలు.

పొద్దున పూట బాగా లేదు. మధ్యాహ్నం కొంచెం నయం. బావి దాకా నడుస్తున్నాను, అక్కడి నుంచి తిరిగి రావడం కష్టం. చలి రోజుల్లో పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు ఆని కూర్చుని నిద్రపోతున్నాను. మందులు మానలేదు. యూనిట్ ముందు నుంచి పోవలసి వస్తే అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి పోతున్నాను.

నీ మట్టి తడిగానే చేరింది. రెండు అచ్చులు చేశాను. ఒకటి నాకే నచ్చలేదు, నలిపేశాను. రెండోది పంపుతున్నాను, నువ్వు చూసి చెప్పు. బాగా లేకపోతే బాగా లేదని రాయి.

డాక్టరమ్మ నీతో అన్న మాటలున్న ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. పద్మారాణికి నేను సగమే చెప్పానని పాషా నీకు చెప్పాడు కదా. అది నిజం. మిగతా సగం ఎలా చెప్పాలో తెలియలేదు. నా గొంతు నాకు వినపడదు. మెల్లగా చెబుతున్నాననుకుని వీధంతా వినేలా చెబుతానేమోనని భయం.

ఇవాళ పొద్దున ఆమె చేనుకు పోబోతూ చాయ్ ఇచ్చింది. రోజూ అడిగినట్టే, ఎట్లున్నది అని చేత్తో అడిగింది. రోజూ తల ఊపేవాణ్ని. ఇవాళ ఊపలేదు. "మంచిగ లేదు పద్మా. ఇది తగ్గేది కాదంట. ఇంక బండల పని చెయ్యలేను, నువ్వొక్కదానివే మొయ్యాలె" అన్నాను.

గట్టిగానే అన్నాననుకుంటాను. పక్కింట్లోంచి చాంద్‌పాషా భార్య తొంగి చూసి లోపలికి వెళ్లిపోయింది.

పద్మారాణి నా నోటి వంకే చూస్తూ నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొడవలి గుమ్మం మీద పెట్టి, చెప్పులు విడిచి, వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. చేనుకు పోలేదు. నేనూ లేవలేదు. చాయ్ చల్లారిపోయింది. ఆమె గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, లోపలికి వెళ్లి, వేడిచేసి, ఈసారి రెండు గ్లాసుల్లో పోసి తెచ్చింది.

దేవప్ప